వన్స్ మోర్ శెట్టి

హోసూరు బజారులో నరసింహయ్య అంగడి ఎక్కడని అడిగితే నలుగురిలో ఇద్దరు తల అడ్డంగా ఊపుతారు. వన్స్ మోర్ శెట్టి అంగడి అని అడిగితే మాత్రం చేతిలో పని వదిలేసి వచ్చి మరీ దారి చూపిస్తారు. ఇత్తడి, స్టీలు పాత్రల అంగడి అది. మూడు తరాలుగా అదే చోట ఉంది. బోర్డు మీద తాతగారి పేరుంది, బిల్లు మీద తండ్రిగారి పేరుంది, జనం నోట్లో మాత్రం ఈ వన్స్ మోర్ ఉంది.

ఆ పేరు ఊరికే రాలేదు. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ పద్య నాటకం ఆడినా మొదటి వరసలో, హార్మోనియానికి ఎదురుగా ఉండే కుర్చీ నరసింహయ్యది. పద్యం నచ్చితే ఆయన అరిచే 'వన్స్ మోర్' చివరి వరస దాటి, బజ్జీల బండి దాటి, రోడ్డు మీద పోయే బస్సు డ్రైవరుకు కూడా వినిపిస్తుంది. ఆయన అరిస్తే వెనక జనమంతా అందుకుంటారు. ఇక వేషగాడు ఆ పద్యం మళ్ళీ పాడి తీరాలి. పెళ్ళి పీటల మీదున్న రాజైనా, కత్తి దూసిన రాజైనా, అప్పుడే ప్రాణం విడిచిన రాజైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం పాడి మళ్ళీ చావాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. ఈ 'వన్స్ మోర్' ఇంగ్లీషు మాటంటే దగ్గరి పల్లె బేరిగైలో ఇప్పటికీ నమ్మని ముసలివాళ్ళున్నారు.

అరవడం కూడా అందరికీ వచ్చే విద్య కాదు. పద్యం చివర రాగం తీస్తున్నప్పుడు అరిస్తే పాడేవాడి నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు అవుతుంది. హార్మోనియం కూడా ఆగిపోయాక అరిస్తే చప్పగా ఉంటుంది. గొంతు ఆగి, హార్మోనియం ఇంకా ఆగని ఆ రెండు క్షణాల సందులో పడాలి అరుపు. నరసింహయ్య ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సందు తప్పలేదు.

పోనీ ఆయనేమైనా పండితుడా అంటే, కాదు. హోసూరు తమిళనాడులో ఉంది కాబట్టి బడిలో చదివింది తమిళం. అంగడిలో మాట్లాడేది వచ్చిన మనిషిని బట్టి తమిళమో, కన్నడమో, తెలుగో. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. పద్యాల్లో వచ్చే పెద్ద పెద్ద సమాసాలు సగం అర్థం కావు. అయినా ఎవరైనా గొంతెత్తి పద్యం అందుకుంటే చాలు, ఆయన వీపు నిటారుగా అవుతుంది. ఇంట్లో ఉప్పు తెమ్మనడానికీ, పప్పు మాడిందనడానికీ వాడుకునే మన భాష ఇంత ఎత్తుకు లేస్తుందా అని ప్రతిసారీ ఆశ్చర్యపోతాడు. ఆ తర్వాత పద్యంలో మాటలు అయిపోతాయి. రాజు చెప్పవలసింది చెప్పేశాడు. గొంతు మాత్రం ఆగదు, 'ఆ…' అంటూ పైకి పోతూనే ఉంటుంది. ఆ మాటల్లేని చోటే నరసింహయ్యకు అన్నిటికంటే ఇష్టం. అక్కడ రాజు బాధ అయిపోయి, ఎవరి బాధ వాళ్ళకు మొదలవుతుందని ఆయన నమ్మకం.

ఈ నమ్మకం ఆయనకు బేరిగైలో ఆంజప్ప దగ్గర కలిగింది. తండ్రి పోయినప్పుడు నరసింహయ్యకు ముప్ఫై నాలుగేళ్ళు. శవం లేవకముందే అంగడి తాళాలు చేతికొచ్చాయి, పదకొండో రోజుకల్లా అంగడి తెరవాల్సి వచ్చింది. ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆరు నెలల తర్వాత ఎవరో పిలిస్తే బేరిగై నాటకానికి వెళ్ళాడు. అక్కడ టమాటాలు పండించే ఆంజప్ప అనే కుర్ర రైతు రాజు వేషంలో నేల మీద ఒరిగి రాగం తీస్తుంటే, నరసింహయ్య కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. రాగం ఆగిపోయింది. ఆయన ఏడుపు ఇంకా కాలేదు. ఇంకొంచెం ఏడవాల్సి ఉండి, ఏం చెయ్యాలో తెలీక, లేచి నిలబడి 'వన్స్ మోర్' అన్నాడు. చచ్చిన ఆంజప్ప కళ్ళు తెరిచి, ఎదురుగా ముక్కు చీదుకుంటున్న మనిషిని చూసి, లేచి మళ్ళీ పాడాడు. అప్పటి నుంచి ఇద్దరూ స్నేహితులు.

ఆ నాటకం బేరిగై వాళ్ళ సొంతం. ఎప్పుడో చనిపోయిన డ్రామా మేస్టరొకాయన వాళ్ళకోసమే రాసిచ్చి పోయాడు. ఏటా తోట పనులు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, వెంకటేశులు హార్మోనియం ముందు మూడు నెలలు సాధన చేసి, రైతులే వేషాలు కడతారు. అందులో రణధీర మహారాజు యుద్ధంలో ఓడి, గాయాలతో తన పొలిమేర దాకా పాక్కుంటూ వచ్చి, సొంత నేల మీద తల పెట్టుకుని ఒక తేటగీతి పాడి ప్రాణం విడుస్తాడు. దాని చివరి పాదాలు ఇవి:

"నేల తల్లి! నీ యొడిలోన నిదుర గొందు,
ఎవరు లేపిన మఱి లేవ నింక నేను."

ఎవరు లేపినా లేవనని అంత గట్టిగా చెప్పిన రాజును నరసింహయ్య ఏటా లేపుతూనే ఉన్నాడు. ఒక ఏడాదైతే ఆంజప్ప ఏడుసార్లు చచ్చాడు. ఆ రోజే నరసింహయ్య స్టేజీ ఎక్కి, జరీ పువ్వులు కుట్టిన ఎర్ర మఖ్మలు కోటు ఆయనకు తొడిగాడు. అద్దె కోట్లు మానేసి ఆంజప్ప ఆ కోటే వేసుకుంటూ వస్తున్నాడు. మోచేతుల దగ్గర రెండుసార్లు మాసికలు పడ్డాయి గానీ కోటు మారలేదు.

ఈ ఏడాది నాటకానికి రెండు రోజుల ముందు, ఆంజప్ప కూతురు గౌరి అంగడికొచ్చింది. బేరిగైలోనే ఇచ్చారు ఆమెను. తండ్రి తోట పని, అత్తగారింటి పని రెండూ చూసుకుంటుంది. ఇడ్లీ పాత్ర కావాలంది. నరసింహయ్య ఇత్తడి పాత్ర తీసి, అలవాటుగా వేలి కణుపుతో తట్టి, మోత విని, "మంచి పాత్రమ్మా" అన్నాడు. ఆయన పాత్రలన్నీ చెవితోనే చూస్తాడు. గౌరి పాత్ర వైపు చూడనే లేదు.

"శెట్టప్పా, ఒకటి అడుగుతాను, కాదనగూడదు."

"అడుగమ్మా."

"నాయన ఈసారి ఆడొద్దని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. వినేదే లేదు. గుండెలో స్ప్రింగు వేసి ఐదు నెలలే అయింది. మీకు తెలుసు గదా. డాక్టరేమో ఒకసారి పాడొచ్చు, ఊపిరి బిగబట్టి మళ్ళ మళ్ళ పాడగూడదు అని చెప్పినాడు."

"ఒకసారే గదమ్మా పాడేది."

"ఒకసారా? మీరుండంగానా?" అంది గౌరి. కోపంగా అందో, బాధగా అందో ఆయనకు తెలియలేదు. "మీరు వన్స్ మోర్ అంటారు. వెనకాల ఊరంతా అంటాది. నాయన లేస్తాడు. మీరు అడిగితే లేవకుండా ఉంటాడా? పదకొండు దినాలు బెంగళూరు ఆస్పత్రిలో నేనే ఉంటిని శెట్టప్పా. కండ్లలో ఒక చుక్క నీళ్ళు రానీలే. నేను ఏడిస్తే నాయన బెదిరిపోతాడని. అట్లాంటి దినాలు ఇంగొకసారి నా చేత కాదు."

నరసింహయ్య చేతిలో ఇడ్లీ పాత్ర అలాగే ఉంది.

"ఈ ఒక్క తూరి మీరు నోరు మూసుకోండి. ఇంకేమీ అడగను. నేను చెప్పినానని మాత్రం నాయనకు తెలీగూడదు. తెలిస్తే నన్ను గడప తొక్కనీడు."

"సరేమ్మా" అన్నాడు నరసింహయ్య. అంతకంటే ఏమంటాడు? గౌరి పొడి కళ్ళతోనే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇడ్లీ పాత్ర కొనలేదు.

ఆ సాయంత్రం భార్య పుష్పవతికి సంగతంతా చెప్పాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె ఒక్క నాటకం కూడా చివరిదాకా చూడలేదు. ముసలివాళ్ళు మీసాలు అంటించుకుని అరుచుకోవడం తనకు ఎక్కదని మొహం మీదే చెబుతుంది.

"పోకుండా ఉంటే పాయె" అంది.

"నా కుర్చీ ఖాళీగా ఉంటే వాడు పాడనే పాడడే. శెట్టికి ఏమయిందో అని మేకప్ తోనే బస్సెక్కి వచ్చేస్తాడు."

"అయితే పోయి సుమ్మనే నోరు మూసుకుని కూచో."

"పద్యం విని సుమ్మనే కూచునేది నాకు తెలీదు పుష్పా."

ఆదివారం ఆయన బయల్దేరుతుంటే పుష్పవతి నిమ్మకాయంత కలకండ ముక్క ఒకటి కాగితంలో చుట్టి జేబులో పెట్టింది. "ఆ చావు పద్యం వస్తానే నోట్లో వేసుకో. నోరు నిండినవాడు అరవలేడు" అంది.

తెల్లవార్లూ ఆడే రోజులు పోయాయి. ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి దీపాల వేళకు ముగించేస్తున్నారు. బేరిగైలో రోడ్డు పక్క మైదానంలో షామియానా వేశారు. నరసింహయ్య తన కుర్చీలో కూచున్నాడు. తెర సందులోంచి ఆంజప్ప చూసి, చెయ్యెత్తి నవ్వాడు. అది చూడగానే నరసింహయ్యకు ఏదో దొంగతనానికి వచ్చినట్టు అనిపించింది.

మొదటి మూడు గంటలూ ఇబ్బంది లేకుండా గడిచాయి. మంత్రి పద్యానికి ఒకసారి, రాణి వేషం కట్టిన మునిరాజ్ పద్యానికి ఒకసారి వన్స్ మోర్ కొట్టాడు. జనం కొట్టారు. గౌరి ఆడవాళ్ళ వైపు నిలబడి, పాట మీద ధ్యాస లేకుండా ఈయన్నే చూస్తోంది.

రణధీర మహారాజు పాక్కుంటూ వచ్చే ఘట్టం రాగానే నరసింహయ్య కలకండ నోట్లో వేసుకున్నాడు. ఆంజప్ప వచ్చాడు. ఎర్ర కోటు మీద దుమ్ము. ప్రతి ఏడూ ఈ పాకడం నటనలా ఉండేది. ఈసారి నిజంగానే మధ్యలో మోచెయ్యి ఆనించి ఆగి, మళ్ళీ కదిలాడు. వెంకటేశులు శృతి ఇచ్చాడు. ఆంజప్ప పద్యం ఎత్తుకున్నాడు.

ఎప్పుడూ ఒక్క ఊపిరిలో లాగే పాదాన్ని ఈసారి మధ్యలో ఆపాడు. 'నేల తల్లి' అని ఆగి, నేలను చేత్తో నిమిరి, అప్పుడు 'నీ యొడిలోన' అన్నాడు. ఊపిరి అందక ఆగాడు పాపం, కానీ ఆ ఆగడంలో నరసింహయ్య ప్రాణం లేచొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళుగా విన్న పద్యంలో ఇలాంటి చోటొకటి ఉందని ఆయనకు తెలీదు. ఆఖరి పాదం అయింది. రాగం మొదలైంది. పైకి పోయింది, అక్కడ సన్నగా చీలింది, చీలిన గొంతుతోనే కిందికి దిగింది. కలకండ ఎప్పుడో కరిగిపోయింది. నరసింహయ్య భుజం మీది టవల్ తీసి నోట్లో కుక్కుకున్నాడు.

గొంతు ఆగింది. ఆంజప్ప తల నేల మీద వాలింది. హార్మోనియం మోగుతోంది.

ఇదే ఆ సందు. షామియానా కింద నాలుగు వందల మంది వెనక నుంచి నరసింహయ్య తల వైపే చూస్తున్నారు. వెంకటేశులు తిత్తి కొట్టడం ఆపకుండా, కళ్ళద్దాల మీదుగా చూస్తున్నాడు. చచ్చిన మహారాజు ఎడమ కన్ను కొంచెం తెరిచి మొదటి వరస వైపు చూశాడు. నరసింహయ్య టవల్‌ను పళ్ళ మధ్య బిగించి తల దించుకున్నాడు. ఆయన అరవకపోయేసరికి, అరవాలో వద్దో తెలీక ఎవరూ అరవలేదు. వెంకటేశులు ఇంకొక్క క్షణం చూసి, విధిలేక హార్మోనియం మెట్లు వదిలేశాడు. తెర పడింది. వెనక ఎవరో నాలుగు చప్పట్లు కొట్టి ఆపేశారు.

నాటకం అయ్యాక ఆంజప్ప మేకప్ తోనే వచ్చి, ఆయన పక్క కుర్చీలో కూలబడి, ఇద్దరూ చెరో నిమ్మ సోడా తాగడం అలవాటు. నరసింహయ్య రెండు సోడాలు తీసుకుని కూచున్నాడు. కుర్చీలు మడిచేవాళ్ళు వచ్చారు, ఆంజప్ప రాలేదు. గౌరి దూరం నుంచే రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయింది. సోడాలు రెండూ ఆయనే తాగాడు.

ప్రతి బుధవారం ఆంజప్ప హోసూరు మార్కెట్టుకు టమాటాలు తెచ్చి, తిరుగు బస్సుకు ముందు అంగడిలో కాఫీ తాగి పోతాడు. ఈ బుధవారం అంగడి ముందు నుంచే, తల అటు తిప్పుకుని పోయాడు. నరసింహయ్య "ఆంజప్పా!" అని పిలిచాడు కూడా. మొదటి వరస నుంచి బస్సు డ్రైవరుకు వినిపించే గొంతు అది. ఆంజప్పకు వినపడలేదు.

గురువారం పొద్దున్నే నరసింహయ్య అంగడి భార్యకు అప్పజెప్పి, గౌరి కొనకుండా పోయిన ఇడ్లీ పాత్రను సంచిలో వేసుకుని బేరిగై బస్సెక్కాడు. పోవడానికి ఏదో ఒక సాకు ఉండాలి కదా. ఊరు ఇంకా రాకముందే, రోడ్డు పక్కన ఆంజప్ప టమాటా తోటలో ఏదో తళుక్కుమంది. నరసింహయ్య కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాడు. తోట మధ్యలో కర్రలు అడ్డంగా కట్టి దిష్టిబొమ్మను నిలబెట్టారు. దాని తల మీద బోర్లించిన కుండ. ఒంటి మీద జరీ పువ్వుల ఎర్ర మఖ్మలు కోటు.

ఆయన అక్కడే బస్సు దిగిపోయాడు. గట్టు మీద నిలబడి, తను స్టేజీ ఎక్కి తొడిగిన ఆ కోటును పైనుంచి కింది దాకా చూశాడు. అంత బాధలోనూ ఒకటి గమనించాడు. కుండ మీద కిరీటం లేదు. కోటు పారేసినవాడు కిరీటం పారేయలేదన్నమాట. ఆ మాత్రం ధైర్యంతో తోటలోకి నడిచాడు.

తోట చివర రేకుల షెడ్డు కింద ఆంజప్ప, గౌరి టమాటాలు ఏరి క్రేట్లలో సర్దుతున్నారు. ఆంజప్ప ఆయన్ను చూసి, చేతిలో పండును కింద పెట్టకుండానే అన్నాడు.

"ఏం శెట్టీ, ఇంత దూరం?"

"గౌరమ్మ ఇడ్లీ పాత్ర అడిగింది. ఇచ్చిపోదామని."

"ఇచ్చినావు గదా. పో."

నరసింహయ్య బోర్లించిన క్రేటు మీద కూచున్నాడు. గౌరి భయంగా ఆయన వైపు చూసింది.

"కోటు ఏమిటికప్పా ఆడ కట్టినావు?"

"కాకులకు నచ్చుతాదేమోనని. మనుషులకు నచ్చలే గదా" అన్నాడు ఆంజప్ప. అంతవరకు బిగబట్టింది ఒక్కసారిగా తెగింది. "ముప్పై నాలుగేండ్లు శెట్టీ! ఒక్క తూరి తప్పినావా నువ్వు? జ్వరంలో కంబళి కప్పుకుని వచ్చి కూడా అరిచినావు. ఈ తూరి నేను కండ్లు తెరిచి చూస్తే, నువ్వు తల దించుకుని ఉండావు. నా గొంతు పోయింది. పోయిందని ఊరంతా కూచోబెట్టి చూపించినావు. బాగలేదని నా చెవిలో చెప్పింటే, నేనే కిరీటం తీసి మునిరాజ్‌కు ఇచ్చిందును గదా."

"బాగలేదని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. నోరు తెరవకుండా అన్నావు."

"నోరు తెరిచేదానికి యాడుంది? నోట్లో టవల్ కుక్కుకునుంటిని" అన్నాడు నరసింహయ్య. సంచిలోంచి ఆ టవల్ తీసి చూపించాడు. అంచు దగ్గర పళ్ళ గాట్లకు నాలుగైదు పోగులు తెగి ఉన్నాయి. "నేను విన్న పద్యాల్లో అదే గొప్పది ఆంజప్పా. నేల తల్లీ అని ఆగినావే, ఆడ నా గుండె ఆగింది. నేను అరిస్తే నువ్వు లేస్తావు. లేస్తే పాడతావు. మళ్ళ నేను అరవకుండా ఉండలేను, మళ్ళ నువ్వు లేవకుండా ఉండలేవు. యాడో ఒకచోట నిజంగానే లేవకుండా పోతావని భయపడినాను. నాకు పద్యమంటే ప్రాణమే. నువ్వు లేకపోతే దాన్ని పెట్టుకుని నేనేం చేసుకునేది?"

గౌరి పేరు ఆయన ఎత్తలేదు. ఎత్తనని మాటిచ్చాడు. అయితే గౌరి చేతిలో పండు పిసికిపోయి వేళ్ళ సందుల్లోంచి రసం కారుతోంది.

"శెట్టప్పకు నేనే చెప్పినాను నాయనా" అంది. "నన్ను తిట్టు. ఆయన్ను అనొద్దు."

ఆంజప్ప కూతురిని చూశాడు, స్నేహితుణ్ణి చూశాడు, టవల్ చూశాడు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, చివరికి తనూ ఒక క్రేటు బోర్లించుకుని కూచున్నాడు.

"ఒక నిజం చెప్పేదా?" అన్నాడు. "పడిపోయినాక నాకు ఊపిరి అందలే. కండ్ల ముందర నల్లగా అయింది. దేవుడా, ఈ శెట్టి ఈ ఒక్క తూరి అరవకుండా ఉంటే బాగుండు అని మొక్కుకున్నాను. నువ్వు అరవలే. అరవలేదని బేజారయింది. మూడు దినాలుగా అన్నం సయించలే. నేనేం మనిషినో నాకే తెలీలే పో."

నరసింహయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. సంచిలోంచి ఇడ్లీ పాత్ర తీసి ఒళ్ళో పెట్టుకుని, వేలి కణుపుతో తట్టాడు. ఇత్తడి మెల్లగా, లోతుగా మోగింది.

"ఈ శృతికి పాడు" అన్నాడు.

ఆంజప్ప కనుబొమలు ముడిచాడు. ఆయన శృతి దీనికంటే ఎంతో పైన. "ఇంత తగ్గుకా? ఇది ఆడోళ్ళు బిడ్డను నిద్రపుచ్చే శృతప్పా."

"రాజు చెప్తా ఉండేదేమి? తల్లి ఒడిలో నిద్రపోతానని గదా. ముప్పై నాలుగేండ్లు ఆయన నిద్రపోతానంటే మనమిద్దరమూ అరిచి అరిచి నిద్రపోనీకుండా చేసినాము. చివరి వరసకు వినపడాల్సిన పని లే ఈడ. కూచునే పాడు. నాకు వినపడితే చాలు."

ఆంజప్ప పాత్ర వైపు అనుమానంగా చూశాడు. నరసింహయ్య మళ్ళీ తట్టాడు. ఆంజప్ప గొంతు సవరించుకుని, ఆ మోతలో గొంతు కలిపి, మెల్లగా ఎత్తుకున్నాడు.

రాజసం లేదు, యుద్ధం లేదు. అలసిపోయి ఇంటికొచ్చిన మనిషొకడు తల్లికి సంగతులు చెబుతున్నట్టుంది. 'నేల తల్లి' అన్నప్పుడు ఆంజప్ప చెయ్యి తనంతట తనే కిందికి పోయి, షెడ్డులోని ఎర్రమట్టిని తాకింది. రాగం పైకి పోలేదు. దగ్గరలోనే, చేతికి అందేంత ఎత్తులో తిరుగుతూ, ఊపిరి ఎక్కడ చాలకపోతే అక్కడ ఆగి, మళ్ళీ కలుస్తూ పోయింది. నరసింహయ్య వేలు ఆయనకు తెలియకుండానే పాత్రను తడుతూ ఉంది. ఈ అరవై ఎనిమిదేళ్ళ వయసులో, పద్యమంటే తనకు తెలిసింది సగమేనని అనిపించి ఆయనకు ఎంతో సంతోషం కలిగింది. ఇంకా సగం మిగిలి ఉంది కదా.

రాగం ఆగింది. ఇత్తడి మోత ఇంకా పూర్తిగా ఆగలేదు.

నరసింహయ్య నోరు అలవాటుగా తెరుచుకుంది. వెంటనే గుర్తొచ్చి, చేత్తో మూసుకుని, గౌరి వైపు చూశాడు.

గౌరి టమాటా గుట్ట పక్కన నేల మీద కూలబడి ఉంది. ఆస్పత్రిలో పదకొండు రోజులూ, ఆ తర్వాత ఐదు నెలలూ ఆపుకున్నదంతా ఇప్పుడు కారుతోంది. తుడుచుకుందామంటే రెండు చేతులకూ టమాటా రసం. భుజంతో మొహం రుద్దుకుంది. చిన్నప్పటి నుంచి ప్రతి నాటకంలోనూ తండ్రి చావడాన్ని చూస్తూ, ఇంటికి ఎప్పుడు పోదామా అని అనుకున్న పిల్ల ఆమె. ఇద్దరు ముసలివాళ్ళూ తననే చూస్తున్నారని తెలిసి తల ఎత్తింది. ఆమె ఏడుపు ఇంకా కాలేదని నరసింహయ్యకు చూడగానే అర్థమైంది. అది ఆయనకు తెలిసిన మొహమే.

"వన్స్ మోర్" అంది గౌరి. వెంటనే భయపడి వేలు చూపించింది. "లేవగూడదు. కూచునే పాడాల నాయనా."

ఆంజప్ప మొహం విచ్చుకుంది. స్నేహితుడి వైపు తిరిగి, "ఏమప్పా శెట్టీ, ఎవరు లేపినా లేవను అనేది ఇప్పుడు నిజమాయె" అన్నాడు. అని, కాళ్ళు చాపుకుని, క్రేటు మీద ఇంకొంచెం కుదురుగా కూచున్నాడు.

నరసింహయ్య టవల్ భుజం మీద వేసుకుని, ఇడ్లీ పాత్రను మళ్ళీ తట్టాడు.